సొంతింటి వేలానికి సొంత బ్యాండు

1996 వానాకాలం మొదట్లో మా బ్యాంకులో నన్ను సేల్ ఆఫీసర్‌ని చేశారు. అబిడ్స్ చౌరస్తాకు దగ్గర్లో ఒక బట్టల దుకాణం పైన ఉండేది మా సహకార బ్యాంకు బ్రాంచి. మెట్లెక్కి పైకొచ్చేవాళ్లలో చాలామంది చీరలు చూద్దామని వచ్చి దారి తప్పినవాళ్లే. సేల్ ఆఫీసర్ అంటే ఏదో అమ్మకాల శాఖకు అధికారి అనుకుని మా అత్తగారు వీధంతా గొప్పగా చెప్పుకున్నారు. అది పూర్తిగా తప్పేమీ కాదు. కాకపోతే అమ్మేది ఎదుటివాళ్ల ఇళ్లు. ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తీసుకున్నవాళ్లు తీర్చలేకపోతే, సహకార చట్టం కింద ఆ ఇంటిని వేలం వేయించే ఉద్యోగిని సేల్ ఆఫీసర్ అంటారు.

బ్రాంచిలో ఆ పని ఎవరికీ అక్కర్లేదు. ఒకాయనకు బీపీ ఉంది. ఇంకొకాయన బావమరిది బాకీదారుల బస్తీలోనే కాపురం ఉన్నాడు. మూడో ఆయన ఏ కారణమూ చెప్పకుండా తల అడ్డంగా ఊపాడట. ఇదంతా తేల్చిన బ్రాంచి సమావేశం రోజున నేను సెలవులో ఉన్నాను. తిరిగొచ్చేసరికి నా పేరు ఖాయమైపోయింది.

మా నాన్నగారు గుంటూరు నుంచి యాభై ఆరులో సచివాలయం ఉద్యోగానికి ఇక్కడికి వచ్చారు. నేను పుట్టిందీ పెరిగిందీ ఈ ఊళ్లోనే అయినా నోరు మాత్రం గుంటూరుదే. మొజంజాహీ మార్కెట్లో పండ్లవాళ్లు నా నోటి నుంచి రెండు మాటలు వినగానే ధర పెంచేవారు. అలాంటిదాన్ని నాంపల్లి గల్లీల్లో నిలబడి ఇళ్లు వేలం వేయాలి.

నాకు వచ్చిన మొదటి ఫైలు దేవదానం అనే ఆయనది. నాంపల్లి స్టేషన్ వెనకవైపు ఒక గల్లీలో రెండు గదులు, ముందు ఒక వసారా ఉన్న ఇల్లు. వృత్తి అన్నచోట ‘బ్యాండు మాస్టరు’ అని ఉంది. ఏళ్ల తరబడి అదే ఇంట్లో కిరాయికి ఉంటే, ఇంటి యజమాని అమ్మకానికి పెట్టాడు. ఇల్లు పోతే వాయిద్యాలు పెట్టుకునే చోటు పోతుంది, చోటు పోతే బ్యాండు పోతుంది. అందుకని కొనడానికే సిద్ధపడ్డాడు. పెద్ద బ్యాంకుల్లో జీతం సర్టిఫికెట్ అడిగారట. పెళ్లిళ్లకు వాయించేవాడికి జీతం సర్టిఫికెట్ ఎవరిస్తారు? చివరికి మా బ్యాంకు అప్పిచ్చింది. చిన్నవాళ్లకు అప్పులివ్వడానికే పెట్టిన బ్యాంకు కాబట్టి అంతవరకు బాగానే ఉంది. అయితే ఇచ్చేటప్పుడు గుమాస్తాకు ఇచ్చినట్టే ఇచ్చింది. ప్రతి నెలా మొదటి వారంలో ఒకే కిస్తీ. కొన్ని నెలలు కట్టాడు, కొన్ని నెలలు కట్టలేదు. అలా అలా నా బల్ల మీదికి వచ్చాడు.

వేలానికి ముందు ప్రొక్లమేషన్ అనే తంతు ఒకటి ఉంటుంది. ఆ ఇంటి ముందు డప్పు కొట్టించి, ఫలానా వారి ఇల్లు ఫలానా రోజున వేలం అని పైకి చదవాలి. అంటే దండోరా అన్నమాట. ఏ కాలంలో రాసిన నిబంధనో గాని ఎవరూ తీసేయలేదు. పేపర్లో ప్రకటన వేసినా సరే డప్పు ఉండాల్సిందే. లేకపోతే ఆడిటరు ఊరుకోడు.

డప్పు ఏర్పాటు మా అటెండరు నర్సింహ చూసుకునేవాడు. ఆ రోజు అతను తల గోక్కుంటూ వచ్చి నిలబడ్డాడు.

“మేడం, ఆషాఢం నడుస్తున్నది. బోనాలకు డప్పులోళ్లందరు బుక్ అయిపోయిన్రు. ఒక్కడు సుత దొరుకుతలేడు.”

“మరి ఎలాగయ్యా? తేదీ ఇచ్చేశాం కదా.”

“జర ఫికర్ చేయకున్రి. ఆషాఢంల పెండ్లిలు ఉండయి గదా, నాంపల్లిల బ్యాండోళ్లు ఖాళీగ కూసున్నరు. అండ్లకెల్లి ఒకణ్ణి మాట్లాడుకొస్త.”

డ్రమ్ము కూడా డప్పే కదా అనుకుని సరేనన్నాను. ఎవరి ఇంటి వేలమో నర్సింహ వాళ్లకు చెప్పలేదు, వాళ్ల పేరేమిటో నర్సింహ నాకు చెప్పలేదు.

మర్నాడు సన్నగా తుంపర పడుతోంది. నేను గొడుగు వేసుకుని, కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని నర్సింహతో ఆ గల్లీ మొదటికి చేరాను. అక్కడ ఒకాయన ఎర్రకోటు మీద బంగారు జరీతాళ్లు, తలమీద తురాయి ఉన్న టోపీ, తళతళలాడే బూట్లతో అటెన్షన్‌లో నిలబడి ఉన్నాడు. భుజానికి డ్రమ్ము. పక్కన అదే వేషంలో ట్రంపెట్ పట్టుకుని ఇంకొకాయన.

“ఒక్క డ్రమ్మే కదా కావాల్సింది?” అన్నాను నర్సింహతో.

“ట్రంపెట్ ఫిరీ అన్నరు మేడం.”

డ్రమ్మాయన నాకు సెల్యూట్ చేశాడు. “ఏ టైపుల కొట్టాలె మేడం? వేలమంటున్రు గదా, మార్చింగ్ బీట్ కొడత. గంభీరంగ ఉంటది.”

ఇల్లు వెతకడం మొదలుపెట్టాను. ఆ గల్లీలో ఇంటి నంబర్లు ఒక వరసలో లేవు. ఎవరో సంచిలోంచి గుప్పెడు తీసి చల్లినట్టున్నాయి. నా అవస్థ చూసి డ్రమ్మాయన, “ఏ నంబరు మేడం?” అన్నాడు. చెప్పాను. “నా ఎంబడి రాన్రి,” అని తను ముందు కవాతు చేస్తూ, వెనక ట్రంపెట్, దాని వెనక నేను, చివర నర్సింహ, ఒక ఊరేగింపులాగే బయల్దేరాం. పిల్లలు చేరారు. మేడమీద నుంచి ఒక ముసలావిడ, “ఎవల పెండ్లి? ఆషాఢంల ఏం పెండ్లి?” అని కేకేసింది.

నీలంరంగు తలుపున్న ఇంటి ముందు ఆయన ఆగాడు. గుమ్మం మీద ‘ఈ గృహమునకు క్రీస్తే యజమాని’ అన్న పలక ఉంది. మా ఫైలులో యజమాని పేరు వేరు. నర్సింహ ఆ పలక చదివి, “నోటీసు ఎవలకియ్యాలె మేడం?” అని నెమ్మదిగా అడిగాడు.

నేను గొంతు సవరించుకుని ప్రకటన చదవడం మొదలుపెట్టాను. ఒక వాక్యం చదవగానే డ్రమ్ము మోగుతోంది. ఎక్కడా తొందరపడడు, ఎక్కడా నా మాట మీద దెబ్బ వేయడు. నా కామా దగ్గర చిన్న దెబ్బ, వాక్యం పూర్తయితే పెద్ద దెబ్బ. నిజం చెప్పొద్దూ, నా గొంతుకు అంత గౌరవం జీవితంలో ఎప్పుడూ దక్కలేదు. “బాకీదారు దేవదానం, తండ్రి జాన్,” అని చదివాను. డ్రమ్ము ఉరుములా ఒక చుట్టు చుట్టి ఠక్కున ఆగింది. దానికి ట్రంపెట్టాయన ఉత్సాహం పట్టలేక ఒక పెళ్లిపాట ఎత్తుకున్నాడు.

“ఇస్మాయిల్ భాయ్, ఆగు. ఇంక తారీఖు సదవలే,” అన్నాడు డ్రమ్మాయన.

చదవడం పూర్తిచేశాను. నకలు కాగితం బాకీదారు చేతికివ్వాలి. “దేవదానంగారు ఇంట్లో ఉన్నారా?” అని తలుపు వైపు చూస్తూ అడిగాను.

“ఈడనే ఉన్న మేడం,” అన్నాడు డ్రమ్మాయన.

నాకు అర్థం కాలేదు. “ఎక్కడ?”

“నేనే మేడం. దేవదానం మాస్టర్‌ని.” ఆయన డ్రమ్ము కర్రలు రెండూ ఎడమ చేతిలోకి మార్చుకుని, కాగితం కోసం కుడిచెయ్యి చాచాడు.

నర్సింహ అక్కడే అరుగు మీద చతికిలబడ్డాడు. “సచ్చిపోతి మేడం. నాకు తెల్వది. యేసుప్రభువు తోడు, నాకు తెల్వది,” అన్నాడు. నర్సింహది యాదగిరిగుట్ట దగ్గరి ఊరు. ఆ ఇంటి ముందు ఆ దేవుడి మీదే ఒట్టు పెట్టాలనిపించింది కాబోలు.

“మీకు ముందే తెలుసా, మీ ఇంటి వేలమేనని?” అన్నాను.

“నోటీసు వచ్చె గదా మేడం. తారీఖు తెలుసు. ఈయన వచ్చి డ్రమ్ము గావాలె, బ్యాంకు పని, రేపొద్దున అన్నడు. సమజైంది.”

“తెలిసి ఎందుకొచ్చారండీ?”

ఆయన నా వైపు ఆశ్చర్యంగా చూశాడు. “నేను రాకుంటె ఇంకోణ్ణి తెస్తరు. ఎవడో వచ్చి నా ఇంటి ముందట తాళం తప్పి కొడితె, బస్తీల నాకు ఇజ్జత్ ఉంటదా మేడం?”

నాకు నవ్వొచ్చింది. అంతలోనే ఏడుపూ వచ్చింది. రెండింట్లో ఏది బయటపెట్టాలో తెలియక కాగితం ఆయన చేతిలో పెట్టేశాను.

అప్పుడు తలుపు తెరుచుకుంది. ఆయన భార్య కరుణమ్మ, మెడలో కొలత టేపుతో, చేతిలో సగం కుట్టిన ఎర్రకోటుతో బయటికొచ్చింది. బ్యాండు వాళ్ల దుస్తులన్నీ ఆమే కుట్టేది. జరుగుతున్నది అర్థం చేసుకోవడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు.

“పొద్దుగాల బుకింగ్ ఉన్నదని బూట్లు పాలిష్ పట్టించుకుంటివి. గిదా నీ బుకింగు? మనిల్లు అమ్ముతరంటె నువ్వు ముందట నిలవడి కొడుతున్నవా?”

“నేను కొట్టకుంటె ఆపుతరా?”

“పైసలన్న ఇచ్చిన్రా?”

“పనయినంక ఇస్తరు.”

“సగం అడ్వాన్స్ లేంది కేటరింగోడు సుత రాడు. నువ్వేం మాస్టర్‌వయ్యా!” అని నా వైపు తిరిగింది. “ఇంట్లకు రాన్రి మేడం. తడుస్తున్రు. తిట్టేది ఆయన్ని, మిమ్మల్ని గాదు. మిమ్మల్ని చాయ తాగినంక తిడత.”

నేను లోపలికి వెళ్లబోతుంటే ఒక నల్ల గొడుగు దగ్గరికొచ్చింది. గొడుగు కింద గంగాధరంగారు. ఉస్మాన్‌గంజ్‌లో పప్పుల హోల్‌సేల్ వ్యాపారి. వేలానికి వచ్చిన ఇళ్లు చవగ్గా కొని గోదాములుగా మార్చడం ఆయనకు అలవాటని బ్రాంచిలో చెప్పుకునేవారు. ఈ వేలానికి వస్తానన్నవాడు ఆయన ఒక్కడే. పట్టులాల్చీ, చేతికి ఉంగరాలు చూసి గల్లీలోవాళ్లు ఇంకేదో అనుకున్నారు. మాస్టరు కూతురికి సంబంధం మాట్లాడుతున్నారని అందరికీ తెలుసట. ఈయన పిల్లవాడి తరఫు పెద్ద అనుకున్నారు. వసారాలోకి కుర్చీ వచ్చింది.

“ఇల్లు ఎలా ఉంటుంది?” అని ఆయన అడిగారు.

ఇక పొగడ్తలే పొగడ్తలు. “బంగారమసొంటి ఇల్లు సార్.” “గోడలు గింత మందం. నిజాం కాలంనాటి సున్నం.” “నల్లా నీళ్లు తెల్లారంగనే వస్తయి.” మేడమీది ముసలావిడ కూడా గొంతు కలిపింది: “ఈ ఇంట్ల అడుగువెట్టినోళ్లు సల్లగుంటరు బిడ్డా.”

గంగాధరంగారు తృప్తిగా తల ఊపి, “అయితే వేలంలో తీసుకోవచ్చన్నమాట. పప్పు బస్తాలకు బాగుంటుంది,” అన్నారు.

పొగిడినవాళ్లంతా నాలుక కరుచుకున్నారు. మొదట తేరుకున్నది ముసలావిడే.

“పప్పు బస్తాలకా? అయ్యో బిడ్డా, వానొస్తె ఇంట్ల మోకాళ్లమంటి నీళ్లు!”

“గా నీళ్లల్ల ఎలుకలు ఈదుతయి సార్,” అన్నాడు పక్కింటాయన.

“ఎలుకలంటె గివ్వి పిల్లులంత ఉంటయి.”

“పిల్లుల్ని తెచ్చినం. పిల్లులు పారిపోయినయి.”

“గోడలు మందమన్నారు కదా?” అన్నారు గంగాధరంగారు.

“లోపలంత డొల్ల సార్. రైలు పోయినప్పుడల్ల ఊగుతది.” సరిగ్గా అప్పుడే స్టేషన్ వైపు నుంచి రైలు కూత వినిపించింది. ఇస్మాయిల్ భాయ్ ఏమీ ఎరగనట్టు, మాస్టరు దించి పెట్టిన డ్రమ్మును రెండు చేతులతో గుడగుడలాడించాడు. గంగాధరంగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. అబద్ధాల మధ్యలో ఒక నిజం కూడా ఉంది. వసారా కప్పు నిజంగానే కారుతోంది. ఒక చుక్క ఆయన ఉంగరం మీద పడింది. ఆయన గొడుగు విప్పుకుని, నాతో ఒక్క ముక్కా మాట్లాడకుండా వెళ్లిపోయారు.

దండోరా జరిగినట్టు పంచనామా రాసి, ఇద్దరు సాక్షుల చేత సంతకాలు పెట్టించాలి. పక్కింటాయన సంతకం పెట్టి, కింద ఉర్దూలో ఇంకేదో రాశాడు. విలాసమనుకున్నాను. ఆ తర్వాత ఆడిటరు చదివించి చూస్తే, ‘బ్యాండు చాలా బాగా వాయించారు’ అని ఉంది.

చాయ తాగుతూ లోపల కూర్చున్నాను. ఒక దండెం మీద ఎర్రకోట్లు ఆరవేసి ఉన్నాయి. వాయిద్యాలన్నీ ప్లాస్టిక్ పట్టా కింద భద్రంగా ఉన్నాయి, మనుషుల మంచం మాత్రం కారే చోట ఉంది. మాస్టరు టోపీ తీసేసి కూర్చుంటే ఒక్కసారిగా వయసు మీదపడ్డట్టు కనిపించాడు. వాళ్ల నాన్న మెదక్‌లో చర్చి బ్యాండులో నేర్చుకుని, కొడుక్కి నేర్పి, ఒక క్లారినెట్ చేతికిచ్చి పట్నం పంపాడట.

“ఎందుకు కట్టలేకపోయారు మాస్టరుగారూ? సీజన్లో బాగానే వస్తాయి కదా?”

“సీజన్ల తెచ్చి కట్టిన మేడం. కట్టినప్పుడల్ల గది జుర్మానాకే పోయిందన్నరు. అసలు కదలలే. క్లారినెట్ల ఊదితె పాటన్న వస్తది. మీ బ్యాంకుల ఊది ఊది ఊపిరి పోయింది గాని పాట రాలే.”

జుర్మానా అని ఆయన అన్నది పీనల్ ఇంటరెస్ట్‌ని. కిస్తీ ఆలస్యమైతే దానిమీద వేసే అదనపు వడ్డీ. బాకీదారు ఎప్పుడు డబ్బు తెచ్చినా ముందు దానికి, తర్వాత మామూలు వడ్డీకి, చివర మిగిలితే అసలుకు జమ చేస్తారు. పెళ్లిళ్లు లేని నెలల్లో మాస్టరు కట్టలేడు. పెళ్లిళ్ల నెలల్లో తెచ్చిందంతా లేని నెలల జరిమానా మింగేస్తుంది. ఎగ్గొట్టే మనిషి కాదు. మా లెక్క ఆయన బతుక్కు సరిపోలేదు, అంతే.

“తిడతానన్నారు కదా,” అన్నాను లేస్తూ కరుణమ్మతో.

“ఏం తిట్టను మేడం, మీరు గూడ తడిసిపోయిన్రు,” అంది. తిట్టినా బాగుండేది.

మా మేనేజరు శేషాచార్యులుగారు నియమాల మనిషి. నుదుట నామం, సొరుగులో పంచాంగం. రాహుకాలంలో ఏ కాగితం మీదా సంతకం పెట్టరు. దండోరా ఖర్చు రసీదు మీద బాకీదారు సంతకం చూసి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“విజయలక్ష్మిగారూ, డప్పు కొట్టింది బాకీదారేనా?”

“అవునండి. ఆ డబ్బు తన అప్పుఖాతాలోనే జమ చేయమన్నారు. ట్రంపెట్టాయన వాటా మాత్రం మినహాయించమన్నారు.”

“ట్రంపెట్ ఎందుకొచ్చింది?”

“ఉచితంగా వచ్చిందన్నారండి, తీరా చూస్తే కాదు.”

కొనేవాడు ఒక్కడే ఉండేవాడనీ, ఆయనా పారిపోయాడనీ చెప్పాను. వేలం పెట్టినా పాట పాడేవాళ్లు లేకపోతే బ్యాంకుకు మిగిలేది పేపరు ప్రకటన ఖర్చే. అదే అదనుగా, రీషెడ్యూల్ చేద్దామన్నాను. అంటే పాత కిస్తీల పట్టిక రద్దు చేసి, కట్టగలిగే విధంగా కొత్తది వేయడం. పల్లెల్లో సహకార సంఘాలు రైతును పంట చేతికొచ్చాకే కట్టమంటాయి కదా, ఈయన పంట పెళ్లిళ్లు అన్నాను.

“ముహూర్తాలు చూసి కిస్తీలు కట్టించుకోమంటారా బ్యాంకుని?” అన్నారు ఆయన మండిపడి.

“మీరు రాహుకాలం చూసి సంతకాలు పెడుతున్నారు కదండీ,” అనేశాను. అన్నాక భయమేసింది. ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, “రేపు రమ్మనండి. పది గంటల తర్వాత. అంతకుముందు దుర్ముహూర్తం,” అన్నారు.

మాస్టరు ఎర్రకోటు వేసుకునే వచ్చాడు. చంకలో ఒక కిరాణా దుకాణం వాళ్లు ఉచితంగా పంచిన క్యాలెండరు. అందులో ఏడాది పొడుగునా తనకు పనుండే రోజులకు ఎర్ర సున్నాలు చుట్టి ఉన్నాయి. శేషాచార్యులుగారు దాన్ని వేలికొనలతో పట్టుకుని చూశారు.

“ఇది ఏ పంచాంగం ప్రకారం వేశారు?”

“తెల్వది సార్. చింతపండు కొంటె ఇచ్చిన్రు.”

మేనేజరుగారు నొచ్చుకుని తన సొరుగు తెరిచారు. ఆ తర్వాత దాదాపు మధ్యాహ్నం దాకా ఆ గదిలోంచి తారాబలం, చంద్రబలం తప్ప వేరే మాట వినబడలేదు. నగదు కౌంటరు దగ్గరివాళ్లు కూడా చెవులు ఇటే పెట్టారు.

“మాఘంలో మీరు సున్నా చుట్టిన ఈ రెండూ అసలు ముహూర్తాలే కావు.”

“సార్, ఒకదానికి అడ్వాన్స్ తీస్కున్న.”

“మార్చుకోమని పెళ్లివారికి చెప్పండి. పిల్లాపాపలతో చల్లగా ఉండాల్సినవాళ్లు.” ఇంకో పేజీ తిప్పారు. “అన్నట్టు, వచ్చే ఏడాది శుక్రమూఢం ఎప్పుడొస్తోందో చూశారా?”

మాస్టరు వంగి చూశాడు. ముఖం పాలిపోయింది. మూఢంలో పెళ్లిళ్లు జరగవు. “గన్ని దినాలా సార్?”

“శుక్రుడు అస్తమిస్తాడు. నేనేం చేయను?” అన్నారు ఆయన, ఎన్నడూ లేనంత సానుభూతిగా. “హిందువుల పెళ్లిళ్లు లేకపోతే మీ క్రైస్తవుల పెళ్లిళ్లు ఉంటాయి కదా?”

“ఈస్టర్ ముందట ఉపవాస దినాలల్ల ఉండయి సార్.”

“ముస్లింల షాదీలు?”

“మొహర్రంల ఉండయి. రంజాన్ల ఉండయి.”

శేషాచార్యులుగారు కుర్చీలో వెనక్కి వాలారు. “అంటే మూడు మతాలూ కలిసి మిమ్మల్ని కూర్చోబెట్టాయన్నమాట.”

“ఔ సార్. అందరు దేవుళ్లు మంచోళ్లే. బ్యాండోని గురించే ఎవలు సోచాయించలే.”

ఆ పట్టికను మేనేజరుగారు స్వయంగా, తన చేత్తో, ముత్యాల్లాంటి అక్షరాలతో తయారుచేశారు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం వంటి నెలల్లో పెద్ద కిస్తీలు. ఆషాఢం, భాద్రపదం, పుష్యాల్లో ఏమీ లేదు. మూఢం పక్కన నక్షత్రపు గుర్తు. పీనల్ ఇంటరెస్ట్ మాఫీకి సిఫార్సు. ఇది హెడ్డాఫీసుకు వెళితే, ‘మూఢమి అనగానేమి? ఏ సర్క్యులరు ప్రకారం?’ అని తిరుగుటపాలో వచ్చింది. దానికి ఆయన శుక్రగ్రహ సంచారం వివరిస్తూ పేజీలకు పేజీలు జవాబు రాశారు. ఇంకో ప్రశ్న అడిగితే ఇంకెన్ని పేజీలు వస్తాయోనని భయపడ్డారో ఏమో, బోర్డువాళ్లు ఆమోదించేశారు. వేలం రద్దయింది.

ఆ ఉత్తర్వు ఇస్తూ శేషాచార్యులుగారు ముఖం గంభీరంగా పెట్టుకున్నారు. “ఇది కూడా తప్పితే మళ్లీ దండోరానే, మాస్టరుగారూ.”

“గప్పుడు గూడ నాకే చెప్పున్రి సార్,” అన్నాడు మాస్టరు. “ఈపాలి ట్రంపెట్ నిజంగనే ఫిరీ.”

ఆయన తప్పలేదు. ఖాళీ నెలలు గడవడానికి కొంత వెనకేసుకుంటే మంచిదని పిగ్మీ డిపాజిట్ కూడా పెట్టించాను. బ్యాంకు ఏజెంటు రోజూ మనిషి దగ్గరికే వెళ్లి చిన్న మొత్తాలు జమ చేసుకునే పద్ధతి అది. మాస్టరును చూసి బ్యాండులో మిగతావాళ్లూ చేరారు. వాళ్లు దొరికేది ఊరేగింపుల్లోనే కాబట్టి మా ఏజెంటు కూడా ఊరేగింపుల వెంట నడిచేవాడు. ఒకసారి బషీర్‌బాగ్‌లో ఒక బారాత్‌లో, పాటకూ పాటకూ మధ్య ఒక్కొక్కరి దగ్గర డబ్బు తీసుకుని రసీదు చింపి ఇస్తుంటే, పెళ్లికొడుకు మేనమామ అది కూడా తమ వైపు తెలియని ఆచారమేదో అనుకుని ఏజెంటు చేతిలో నోట్లు పెట్టాడు. ఏజెంటు నిజాయతీపరుడు. ఆ డబ్బు బ్యాండువాళ్లందరి ఖాతాల్లోకీ సమంగా జమ చేసి, పెళ్లికొడుకు మేనమామకు రసీదు కూడా ఇచ్చి వచ్చాడు.

అప్పు కొన్నేళ్లలో తీరిపోయింది. ఆ మధ్యలోనే కప్పు బాగుచేయించుకున్నారు, కూతురి పెళ్లి చేశారు. దస్తావేజులు తీసుకెళ్లడానికి మాస్టరూ కరుణమ్మా కలిసి వచ్చారు. శేషాచార్యులుగారు అప్పటికి రిటైరైపోయారు. మాస్టరు కాగితాలు కళ్లకద్దుకుని, ఆయన ఇల్లు ఎక్కడో అడిగి తెలుసుకుని, నేరుగా అక్కడికే వెళ్లాడు. వచ్చే ఏడాది ముహూర్తాలు కూడా రాయించుకోవచ్చని.

ఆ కేసు నాకు ఒక ప్రశ్న నేర్పింది. అప్పుకోసం వచ్చినవాళ్లను మేం ఎప్పుడూ ‘నెలకు ఎంత వస్తుంది?’ అని అడిగేవాళ్లం. ఆ ప్రశ్నకు ప్రతివాళ్లూ కాస్త పెంచే చెబుతారు, మేం కాస్త తగ్గించే రాసుకుంటాం. ఆ తర్వాత నుంచి నేను, ‘మీకు ఏ నెలల్లో రాదు?’ అని అడగడం మొదలుపెట్టాను. మనుషులు దీనికి అబద్ధం చెప్పరు. కుర్చీలో కాస్త ముందుకు జరిగి, ఇన్నాళ్లకు ఒకళ్లు అడిగారన్నట్టు చెప్పడం మొదలుపెడతారు. ఐస్‌క్రీం అమ్మేవాడికి వానాకాలం, జెరాక్సు దుకాణంవాడికి కాలేజీ సెలవులు, గొడుగులు బాగుచేసేవాడికి ఎండాకాలం. అది విని కిస్తీలు వేస్తే, నేను సేల్ ఆఫీసర్‌గా వెళ్లాల్సిన ఇళ్లు తగ్గుతూ వచ్చాయి.

2004లో కరుణమ్మ తన సొంత పేరున అప్పు అడగడానికి వచ్చింది. జరీపని చేసే కుట్టుమిషను కొనాలట. నగరంలో మిగతా బ్యాండుల వాళ్లూ ఆమె దగ్గరే దుస్తులు కుట్టించుకుంటున్నారు. ఫారం నింపుతూ అలవాటుగా అడిగాను.

“మీకు ఇబ్బందిగా ఉండే నెలలేవి కరుణమ్మగారూ?”

ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

“పైసల ఇబ్బంది ఏ నెలల లేదు మేడం. ఆషాఢంల మాస్టరు దినమంత ఇంట్లనే కూసుంటడు. గదొక్కటే ఇబ్బంది. గా నెలల మాత్రం కిస్తీ కట్టనీకి జర నన్ను బ్యాంకుకు రమ్మనున్రి.”

ఆమె పట్టికలో ఆషాఢానికి కూడా కిస్తీ వేశాను.